అల్లుడు అనబడు దుప్పి

అల్లుణ్ణి తుపాకితో కాల్చవలసి వస్తే అనుమతి ఏ కార్యాలయం ఇస్తుంది?

ఈ ప్రశ్నను నేను వన్యప్రాణి–వ్యవసాయ సామరస్య సంస్థకు లిఖితపూర్వకంగా వేశాను. రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. రెవెన్యూ వారిని అడిగితే పోలీసుల దగ్గరికి వెళ్ళమన్నారు. పోలీసులు నా వయసు చూసి కుర్చీ వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. మంచినీళ్ళు జవాబు కావు. నాకు ఏ అల్లుడి మీదా పగ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. కాని అటువంటి అనుమతి పత్రం ఒకటి నిజంగానే జారీ అయింది. కాల్చదగిన ప్రాణి అన్న చోట స్పష్టమైన అక్షరాలతో ‘అల్లుడు’ అని ఉంది. అది ఏ దారిన పుట్టిందో చెబుతాను. ఆ దారిలో ఎక్కడా ఎవరూ అబద్ధం చెప్పలేదు. విశేషం అదే.

ఎర్రదిన్నెపాడు నల్లమల అంచున ఉంది. అడవికీ ఊరికీ మధ్య ఒక నీటి వంక, వంకకు ఇవతల కంది చేలు. కంది పూతకు రాగానే దుప్పులు వంక దాటుతాయి. ఈ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. దీపాలు పెట్టిన తరువాత చేటు చేసే ప్రాణిని దాని పేరుతో పిలవరు. పేరెత్తితే పిలిచినట్టేనని, పిలిస్తే రాక మానదని నమ్మకం. చీకటి పడ్డాక పాము పురుగు కావడం తెలుగువారందరికీ తెలిసినదే. ఎర్రదిన్నెపాడు అక్కడితో ఆగలేదు. అక్కడ అడవిపంది వియ్యంకుడు. దుప్పి అల్లుడు. పిలవకుండా వస్తాడు, లేతది ఏరుకుని తింటాడు, అదిలిస్తే అలిగినట్టు తలెత్తి చూస్తాడు, మరునాడు మళ్ళీ వస్తాడు. ఇంతకంటె కచ్చితమైన పర్యాయపదం ఏ నిఘంటువులోనూ నాకు కనిపించలేదు.

ఆ ఊళ్ళో వంక పక్కనే సుంకులమ్మ చేను. భర్త లేడు. ఒక్కతే కూతురు రంగేశ్వరి. ఇల్లరికం వచ్చిన అల్లుడు ఓబుళేసు. నిరుడు వానలు లేక పంట పోయింది, అంతకు ముందటి ఏడు దుప్పులు మేశాయి. ఈసారి వాన కుదిరింది, పూత దిట్టంగా నిలిచింది. ఈ పంట ఇంటికి వస్తే చేను సుంకులమ్మకు మిగులుతుంది. రాకపోతే దాన్ని కౌలుకు ఇచ్చి, అదే చేలో తాను కూలికి దిగాలి. అందుకని ఓబుళేసు రాత్రంతా మంచె మీద కూర్చుని రేకు డబ్బా వాయించేవాడు. డబ్బా మోగినంత సేపూ దుప్పులు వంక అవతలే నిలబడి ఉండేవి. ఈ ఏర్పాటుకు ఉన్న ఒకే ఒక్క లోపం, ఇందులో ప్రభుత్వ ప్రమేయం లేకపోవడం.

సామరస్య సంస్థ ఆ లోపాన్ని సరిదిద్దింది. కోతలకు ముందు కొన్నాళ్ళ పాటు, పంట మేసే దుప్పులను లైసెన్సు ఉన్న వేటగాళ్ళ చేత కాల్పించడానికి ఒక ‘వేట ఋతువు’ ప్రకటించింది. అయితే సంస్థ డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు న్యాయబుద్ధి కలవారు. ఒక దుప్పి తప్పుకు మరొక దుప్పి ప్రాణం పోగూడదని ఆయన అభిప్రాయం. ప్రారంభ సభలో ఇలా సెలవిచ్చారు:

“వేటకు ముందు విచారణ. విచారణకు ముందు చిత్రణ. ఇదీ మన నినాదం. గుడ్డి తుపాకి అప్రజాస్వామికం. ఏ మృగం, ఏ క్షేత్రంలో, ఏ మేరకు ఆహార సేకరణకు పాల్పడిందో ముందస్తు నిఘా కెమెరాల ద్వారా నిర్ధారించి, ఆ మృగాన్ని మాత్రమే నిర్మూలన ప్రక్రియలోకి ఆహ్వానిస్తాం.”

‘ఆహ్వానిస్తాం’ అన్న మాట దగ్గర చప్పట్లు కొట్టారు.

ఈ కెమెరాలను చెట్లకు కడతారు. వెచ్చని ఒళ్ళున్న ఏ ప్రాణి ముందు నుంచి కదిలినా అవే బొమ్మ తీస్తాయి, చీకట్లో కూడా తీస్తాయి. వాటి పర్యవేక్షణకు ఒక సంఘం వేశారు. అందులో ‘స్థానికురాలు, విద్యావంతురాలు, వయోవృద్ధురాలు’ అయిన ఒక అనధికార మహిళా సభ్యురాలు ఉండాలని నిబంధన. నన్ను తీసుకున్నారు. ఆ నిబంధనావళిని మండలంలో చివరి పేజీ వరకు చదివింది నేనొక్కదాన్నే. అది నా అర్హతో నా నేరమో నాకు ఇప్పటికీ తెలియదు.

కెమెరాలు కట్టే బాధ్యత క్షేత్రాధికారి పీరావలిది. పక్క ఊరి కుర్రాడు, తెలివైనవాడు, ఉద్యోగం పర్మనెంటు కానివాడు. ఈ మూడో గుణం మొదటి రెంటినీ అదుపులో ఉంచుతుంది. కెమెరాను దుప్పి నడిచే దారి వైపు, ఎండ నేరుగా పడకుండా తిప్పి కట్టాలని పెట్టె మీదనే రాసి ఉంది. డైరెక్టరుగారు మాత్రం శుభకార్యం తూర్పు ముఖంగానే మొదలు కావాలన్నారు. వాస్తు తెలిసిన సలహాదారును కూడా జీపులో తీసుకువచ్చారు. కెమెరాలన్నీ తూర్పుకు తిరిగాయి.

మొదటి వారం బొమ్మల్లో అద్భుతమైన సూర్యోదయాలు వచ్చాయి. వాటిలో మేలైనదానికి పటం కట్టించి డైరెక్టరుగారు తమ గదిలో పెట్టుకున్నారు.

రెండో వారం మరొక ఇబ్బంది ఎదురైంది. ముందుగా తెలియపరచకుండా ఒకరి చిత్రం తీయడం వ్యక్తిగత గోప్యతకు భంగమని న్యాయ సలహా వచ్చింది. ‘ఈ ప్రాంతం నిఘాలో ఉన్నది’ అని బోర్డులు రాయించి, దుప్పులు నీళ్ళు తాగే చోట, కెమెరాల ఎదుట పాతించారు.

“అవి చదవలేవు కదా,” అన్నాను.

“చదవడం వారి బాధ్యత మేడమ్. తెలియజేయడం మన బాధ్యత,” అన్నారు డైరెక్టరుగారు.

బోర్డుల వల్ల ప్రయోజనం లేకపోలేదు. కొమ్ములు దురద పెట్టినప్పుడు రుద్దుకోవడానికి దుప్పులకు అవి అనువుగా కుదిరాయి. రుద్దుకుంటున్నప్పుడు చక్కని బొమ్మలు పడ్డాయి. వాటిలో ఒకటి వంక గట్టున సుంకులమ్మ చేని అంచుది. పెద్ద కొమ్ముల పోతు దుప్పి, కంది కొమ్మ నోట్లో పెట్టుకుని, నేరుగా కెమెరాలోకి చూస్తోంది.

అపరాధి దొరికింది. ఇక సాక్షి గుర్తించాలి.

గుర్తింపు సభ పాల కేంద్రంలో పెట్టారు. మధ్యాహ్నం జరగవలసింది, కరెంటు లేక ఆలస్యమైంది. కరెంటు వచ్చేసరికి పొద్దు గూకింది, ఇళ్ళలో దీపాలు వెలిగాయి. తరువాతి దుర్ఘటనలన్నిటికీ మూలం ఈ ఆలస్యం.

గోడ మీద బొమ్మ వేశారు. డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

“అమ్మా సుంకులమ్మగారూ, చిత్రంలోని వ్యక్తిని తాము గుర్తించగలరా?”

సుంకులమ్మ బొమ్మ వైపు చూసింది, వాకిట్లో చీకటి వైపు చూసింది. “గుర్తుపట్టకుండా ఎట్ల ఉంటా సార్. అల్లుడు.”

వాంగ్మూలం రాస్తున్న పీరావలి కలం ఒక్క క్షణం ఆగింది. డైరెక్టరుగారు అతని వైపు చూశారు. కలం కదిలింది.

“ఎంతకాలంగా వస్తున్నాడు?”

“పూత పట్టినప్పటి సంది వస్తాండాడు. పిల్చేది లేదు, పెట్టేది లేదు. వాని పాటికి వాడు వచ్చేది, లేతది చూసి మేసేది, పోయేది.”

“ఒంటరిగానా?”

“ఒక్కడు యాడ వస్తాడు సార్. పెండ్లాలు ఏడెనిమిది మంది ఎనకాల ఉంటారు.”

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఏడెనిమిది మంది,” అని మెల్లగా అన్నారు. “మీరు అభ్యంతరం చెప్పలేదా?”

“చెప్పేదేముంది సార్, వాని జాతే అంత. డబ్బా కొడితే పోతాడు, మళ్ళా వస్తాడు. సిగ్గుంటే గదా.”

వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు. ‘సిగ్గు లేదు’ అని పీరావలి రాసుకోవడం నేను కళ్ళారా చూశాను.

నేను లేచి నిలబడ్డాను. అనధికార సభ్యుల అభిప్రాయం పదకొండవ అంశమనీ, అప్పటివరకు ఓపిక పట్టాలనీ డైరెక్టరుగారు నమ్రతగా కోరారు. సభ ఆరవ అంశంతో ముగిసింది. ఆరవ అంశం టీ.

బొమ్మలో ఉన్నది నాలుగు కాళ్ళ జంతువని డైరెక్టరుగారికి కనిపించలేదా అని మీరు అడగవచ్చు. కనిపించింది. మరునాడు వారి కార్యాలయంలో నేను అడిగాను కూడా. ఆయన జవాబును మాట పొల్లు పోకుండా ఇస్తున్నాను.

“మేడమ్, చిత్రం కేవలం ఆధారం. గుర్తింపు సాక్షి హక్కు. ఒక గ్రామీణ మహిళ ‘అల్లుడు’ అని చెప్పిన తరువాత, ‘కాదమ్మా, అది దుప్పి’ అని నాబోటి చదువుకున్నవాడు దిద్దడం అహంకారం అనిపించుకుంటుంది. మా సంస్థ ప్రజల గొంతును గౌరవిస్తుంది.”

“ఆ ఊళ్ళో రాత్రిపూట అల్లుడంటే దుప్పి అని అర్థం,” అన్నాను.

ఆయన ముఖం కందిపోయింది. “అంటే అల్లుళ్ళు పశువులని మీ అభిప్రాయమా? నేనూ ఒక ఇంటి అల్లుణ్ణే.”

“మీ సంగతి కాదు నేను చెప్పేది. పర్యాయపదం సంగతి.”

“పర్యాయపదాలు మా పరిధిలో లేవు. భాషా విభాగానికి రాసుకోండి.”

బయట వరండాలో పీరావలి కనిపించాడు. “నీది పక్క ఊరే కదా. నీకు తెలియదా?” అన్నాను.

“తెలుసు మేడమ్,” అన్నాడు తల వంచుకుని. “ఆమె చెప్పింది రాసేది నా డ్యూటీ. అర్థం రాయమని ఎవరూ చెప్పలేదు.”

వారం తిరగకుండా ఓబుళేసుకు సంజాయిషీ నోటీసు వచ్చింది. పరుల చేలో ప్రవేశించి పంటను భక్షించడం ఒక అభియోగం. ఒకరికి మించిన భార్యలను కలిగి ఉండటం ఇంకొకటి. దీన్ని మహిళా సంక్షేమం వారికి పంపినట్టు అడుగున గమనిక ఉంది. అనుమతి లేకుండా వన్యప్రాణి కొమ్ములు కలిగి ఉండటం అన్నిటికంటె తీవ్రమైనది. కొమ్ములు ఎక్కడివో, ఎలా సంపాదించాడో, ప్రస్తుతం ఎక్కడ దాచాడో వివరించమన్నారు. విచారణ ముగిసేదాకా నిందితుడు ఘటనా స్థలంలో, అంటే సుంకులమ్మ చేలో, అడుగు పెట్టరాదని ఉత్తర్వు.

నోటీసు చదివి వినిపించడానికి పీరావలి వారి ఇంటికి వెళితే నేనూ వెంట వెళ్ళాను. ఓబుళేసు అంతా శ్రద్ధగా విన్నాడు.

“అన్నా, ఉన్న ఒక్కదానితోనే దినాం పడలేకుండా ఉండా,” అన్నాడు. “ఏడెనిమిది మందిని సాకేవాణ్ణయితే ఈ ఇంటికి ఇల్లరికం ఎందుకొస్తా?”

లోపలి నుంచి రంగేశ్వరి అందుకుంది. “పడలేకుండా ఉండావా? రాయన్నా, అది గూడా రాయి.”

సుంకులమ్మకు మాత్రం నవ్వు రాలేదు. “ఇదంతా సరే నాయనా. వీడు మంచె ఎక్కకపోతే రాత్రికి చేను కాసేదెవరు? నా మోకాళ్ళకు మంచె ఎక్కేది చేతగాదు, ఆడబిడ్డను రాత్రిపూట ఒంటిగా పంపలేను. కాయ ఇప్పుడే పాలు పోసుకుంటాంది. మేసేదానికి ఇదే వానికి రుచి.”

“నేను రాసుకుంటా పెద్దమ్మా,” అన్నాడు పీరావలి. అతను చేయగలిగింది అదే.

కొమ్ముల అభియోగం నుంచి బయటపడాలంటే వైద్య ధ్రువపత్రం కావాలన్నారు. ఓబుళేసు ఆసుపత్రిలో వరుసలో నిలబడి తల చూపించుకున్నాడు. డాక్టరు సరదా మనిషి అయి ఉండాలి, లేదా బాగా అలసిపోయిన మనిషి. ‘తలపై కొమ్ములు లేవు. వాటి మొదళ్ళు కూడా లేవు. జుట్టు పలచబడుతోంది’ అని రాసి ఇచ్చాడు.

సంస్థ ఆ పత్రాన్ని తిరస్కరించింది. కారణం ఇది: ‘దుప్పి జాతి కొమ్ములను ఏటా రాల్చుకొనునని శాస్త్రము. కావున పరీక్ష నాటికి కొమ్ములు లేకుండుట, ఘటన నాటికి లేవనుటకు రుజువు కానేరదు.’

ఈ కేసు కాగితాల్లో సంస్థ దుప్పి అన్న మాట వాడటం అదే మొదటిసారి. దారి దొరికిందని ఆశపడ్డాను. తొందరపడ్డాను.

మంచె ఖాళీ అయింది. దుప్పులు ఒకటి రెండు రాత్రులు నమ్మలేదు. తరువాత నమ్మాయి. వంక పొడుగునా ఉన్న సాళ్ళు మొదట పోయాయి. కొసలు కొరికిన కంది మొక్కలు పొద్దున చూస్తే గొరిగిన తలల్లా నిలబడి ఉండేవి. కెమెరాలు శ్రద్ధగా బొమ్మలు తీశాయి. ప్రతి బొమ్మలోనూ అదే పెద్ద కొమ్ముల పోతు. సంస్థ రికార్డు ప్రకారం ఆ బొమ్మలో ఉన్నవాడు అల్లుడు. కాబట్టి ఓబుళేసు ఉత్తర్వును ధిక్కరించి ప్రతి రాత్రీ చేలోకి వెళుతున్నాడని తేలింది.

ఓబుళేసును రాత్రిళ్ళు పాల కేంద్రంలో పడుకోబెట్టారు. పీరావలి గడపకు అడ్డంగా మంచం వేసుకున్నాడు. మరునాటి బొమ్మల్లో అల్లుడు చేలోనే ఉన్నాడు, ఇంకా పుష్టిగా ఉన్నాడు.

ఇక్కడ ఎవరికైనా అనుమానం రావాలి. డైరెక్టరుగారికి వచ్చింది. అత్యవసర సమావేశంలో ఆయన గోడ మీద రెండు బొమ్మలు పక్కపక్కన వేయించారు. ఒకటి నిద్రపోతున్న ఓబుళేసుది, ఒకటి పోతు దుప్పిది.

“మిత్రులారా, ఒకే వ్యక్తి ఏకకాలంలో రెండు చోట్ల ఉండజాలడు. తర్కం మనలను ఒకే నిర్ణయానికి నడిపిస్తున్నది,” అన్నారు.

‘దుప్పి’ అని రాసుకోవడానికి నేను కలం తీశాను.

“సుంకులమ్మగారికి ఇద్దరు అల్లుళ్ళు ఉన్నారు.”

రెండవ కుమార్తె వివరాలను సమర్పించవలసిందిగా సుంకులమ్మకు తాఖీదు వెళ్ళింది. పీరావలి దాన్ని పట్టపగలు తీసుకువెళ్ళాడు. అప్పటికి ఆమె సగం మోళ్ళయిన చేని గట్టున నిలబడి ఉంది.

“ఉన్న ఒక్కదానికి పెండ్లి చేసేటప్పటికే తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు దుప్పికి ఇచ్చేదానికి ఇంకొక బిడ్డను యాడ తేవల్ల నాయనా?” అంది.

పీరావలి చుట్టూ చూశాడు. “పెద్దమ్మా, ఇప్పుడు దుప్పి అనవద్దు. మొదట అల్లుడని చెప్పి ఇప్పుడు దుప్పి అంటే సాక్షి మాట మార్చినట్టు రాసుకోవల్ల. అది ఇంకొక కేసు.”

“అయితే ఏమనల్ల?”

“ఏమీ అనొద్దు.”

“నేనేమీ అనను సరే. వాడు మేస్తాండాడే, వానికెవరు చెప్తారు ఏమీ తినొద్దని?”

రెండవ అల్లుడు ఎవరో తెలియలేదు కాబట్టి, అతడు ఎవరైనా కావచ్చునని సంస్థ భావించింది. కొత్త ఉత్తర్వు వచ్చింది. పొద్దు గూకిన తరువాత సుంకులమ్మకు ‘వరుసకు అల్లుడైనవారు, కాగలవారు, ఆమెను బంధువాచకంతో పిలుచువారు, ఆమె చేత అట్లు పిలువబడువారు’ ఎవరూ ఆ చేలో ప్రవేశించరాదు.

తెలుగు పల్లెను ఎరిగినవారికి ఈ వాక్యం ఏమి చేసిందో చెప్పనక్కరలేదు. ఎర్రదిన్నెపాడులో సుంకులమ్మను అత్తా అనో, పిన్నీ అనో, వదినా అనో, అవ్వా అనో పిలవని మనిషి లేడు. నన్ను ఆమె అక్కా అంటుంది. ఊరు ఊరంతా ఒక్క కాగితంతో నిషిద్ధమైపోయింది. వంతులు వేసుకుని కాపలా కాస్తామన్న పక్క చేల వాళ్ళు డబ్బాలు చంకన పెట్టుకుని వెనక్కి వెళ్ళారు.

వేట ఋతువు వచ్చింది. సంస్థ తరఫున లైసెన్సుదారు నాగిరెడ్డి దిగాడు. పట్టాళంలో సుబేదారుగా చేసి దిగిపోయిన మనిషి. మీసం పెద్దది, మాట తక్కువ. సంస్థ జారీ చేసిన అనుమతి పత్రం చూసుకుంటూ నేరుగా సుంకులమ్మ ఇంటికి వచ్చాడు. రంగేశ్వరి మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, పత్రాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

“అల్లుడు. ఒకటి. మగ. కొమ్ములున్నది.” తలెత్తాడు. “ఎవరప్పా అల్లుడు?”

“నేనే అంటాండారు సార్,” అన్నాడు ఓబుళేసు.

నాగిరెడ్డి అతని తలను కాసేపు పరీక్షగా చూశాడు. “కొమ్ములు యాడ?”

“రాలిపోయినాయంట.”

“ఎవరన్నారు?”

“శాస్త్రం.”

నాగిరెడ్డి రంగేశ్వరి వైపు తిరిగాడు. “ఏం తల్లీ, కాల్చమంటావా?”

“ఈ పొద్దు వద్దులే సార్,” అంది రంగేశ్వరి. “కట్టెలు కొట్టేది ఉంది.”

నాగిరెడ్డి పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ముప్పై ఏండ్లు సర్వీసు చేసినా. మజ్జిగ పోసినోళ్ళ అల్లుణ్ణి కాల్చేది నాకు ఎవరూ నేర్పలే.”

అతణ్ణి చేని దగ్గరికి తీసుకువెళ్ళింది నేను. ఇంకా వెలుగు ఉంది కాబట్టి నాకు అడ్డు లేదు. పెద్ద కొమ్ముల పోతు చేని మధ్యలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసింది, నమలడం ఆపలేదు.

“అదిగో,” అన్నాను. “పంట తింటున్నది అది. మీరు వచ్చినది దాని కోసం.”

“తెలుసమ్మా. చూస్తానే ఉండా.” తుపాకి భుజం మీదనే ఉంది. “దాన్ని కాలిస్తే నేను జైలుకు పోవల్ల. దానికి పర్మిట్ లేదు. ఆ ఓబుళేసును కాలిస్తే పర్మిట్ ఉంది. ఇట్లాంటి కాగితం నేను సరిహద్దులో గూడా చూడలే.”

సుంకులమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. పోతు మరొక కొమ్మ వంచుకుంది. నాగిరెడ్డి తల తిప్పుకుని జీపు ఎక్కాడు.

ఋతువు ముగిసేలోగా ఆ చేని కెమెరాలు కూడా ఒకటొకటిగా ఆగిపోయాయి. వాటికి బ్యాటరీలు మార్చాలి. దుప్పులు బెదరకూడదని, పనివాళ్ళు పగలు ఆ దారిన తిరిగితే మనిషి వాసన మిగులుతుందని, రాత్రి పూటనే మార్చాలని నియమం. మార్చవలసినవాడు పీరావలి. అతడు సుంకులమ్మను ‘పెద్దమ్మా’ అని పిలిచినట్టు అతని సొంత నివేదికల్లోనే పలుచోట్ల ఉంది. కనుక రాత్రి అతడూ నిషిద్ధుడే. బ్యాటరీలు చచ్చిపోయాయి, బొమ్మలు ఆగిపోయాయి. బొమ్మలు లేని చోట నేరం లేదు.

సమాపన సభలో డైరెక్టరుగారు ఫలితాలు ప్రకటించారు.

“ఎర్రదిన్నెపాడులో, ఋతువు ఆద్యంతమూ, పంట మేసిన దుప్పి ఒక్కటి కూడా నమోదు కాలేదు. ఒక్క తూటా పేలలేదు. సంభవించిన స్వల్ప నష్టం పూర్తిగా కుటుంబాంతర్గతం. మనిషికీ మృగానికీ మధ్య ఇంతటి సామరస్యం మరెక్కడా సాధ్యపడలేదు.”

ఈసారి పదకొండవ అంశం వచ్చింది. అందరూ నా వైపు చూశారు. నేను లేచి, ఆ ఊళ్ళో చీకటి పడ్డాక దుప్పిని అల్లుడంటారని మరొకసారి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాను. డైరెక్టరుగారు చివరిదాకా విన్నారు. చాలా విలువైన జానపద సమాచారమని మెచ్చుకున్నారు. దాన్ని సంస్థ వార్షిక సంచికలో ‘మన సంస్కృతి’ శీర్షిక కింద వేయిస్తామన్నారు. ఉత్తర్వు సంగతి అడిగాను. రెండవ అల్లుడు దొరికేదాకా అమలులో ఉంటుందన్నారు.

వేట ఋతువు అయిపోయింది. ఉత్తర్వు అయిపోలేదు. సుంకులమ్మ చేలో అడవి వైపు అంతా మోళ్ళే. ఊరి వైపు ఉన్న చెక్క ఇంకా మిగిలి ఉంది. కాయ గింజ కట్టింది. కోతకు వచ్చేదాకా దాన్ని కాచుకుంటే చేను ఆమెదిగానే ఉంటుంది, కౌలు మాట ఉండదు. కాచుకోవడానికి కావలసింది మంచె మీద ఒక మనిషి, చేతిలో ఒక రేకు డబ్బా. ఆ మనిషి ఆమెకు ఏ వరుసా కాకూడదు. ఎర్రదిన్నెపాడులో అటువంటి మనిషి లేడు. చుట్టుపక్కల ఊళ్ళలో వెతికాను. ఎవరిని కదిపినా ఏదో ఒక వరుస బయటపడుతోంది.

కనుక ఈ కథను నేను మీ సానుభూతి కోసం రాయలేదు. మీరు సుంకులమ్మను ఎన్నడూ చూడలేదు. ఆమె మీకు అత్త కాదు, పిన్ని కాదు, వదిన కాదు. ఉత్తర్వును రెండుసార్లు చదివాను, మిమ్మల్ని అడ్డగించే వాక్యం అందులో లేదు. నవ్వుకున్నది చాలు. లేవండి. కోతలు మొదలయ్యేలోగా ఏదైనా ఒక సాయంత్రం పొద్దుండగానే ఎర్రదిన్నెపాడు రండి. మంచె గట్టిగానే ఉంది, డబ్బా నేను ఇస్తాను. ఒక్క జాగ్రత్త పాటించండి. చేని గట్టున మిమ్మల్ని చూడగానే ఆమె “వచ్చినావా నాయనా, అన్నం తిన్నావా?” అని అడుగుతుంది. ఎంత ఆకలిగా ఉన్నా పలకకండి. పలకనంత వరకు పిలువబడినట్టు రుజువు లేదు, పలికితే వరుస కలుస్తుంది. నేరుగా మంచె ఎక్కి డబ్బా కొట్టండి.